ఆకు డబ్బు

చిత్తూరు,
4 డిసెంబరు 2006

అమ్మా పవిత్రా,

ఆశీస్సులు. మీ నాన్న, అమ్మ, నువ్వు కర్మలన్నీ ముగిసేదాకా ఉండి వెళ్ళారు. ఎదురుగా ఉన్నప్పుడు ఏమీ అనలేకపోయాను. కాగితం మీద నాకు కొంచెం తేలిక.

బస్సెక్కే ముందు నువ్వు నా చేతిలో పెట్టిన కాగితాలు చదివాను. మీ అత్త పోయిన కబురు తెలిసి మీ సైటు ‘పలకరింపు’లో ఆడవాళ్ళు రాసిన మాటలు. ఒకావిడ మస్కట్ నుంచి, ఒకావిడ మదనపల్లె నుంచి. కాంతక్క చెప్పినట్టు చేశాక నా బిడ్డ సంగటి ముద్ద తినడం మొదలుపెట్టింది అని ఒకరు రాశారు. అత్తగారితో గొడవైన రోజు కాంతక్కే నన్ను నవ్వించింది అని ఇంకొకరు. చంద్రకాంతమ్మ నాకు, మీ నాన్నకు, ఈ వీధికి తెలిసిన మనిషి అనుకున్నాను. ఇంతమందికి అక్క అని తెలియదు.

మంచం పట్టినప్పుడు నీ పాత కంప్యూటర్ తెచ్చి ఆమెకు నేర్పావు. ఒక్క వేలితో కొట్టేది. ఆ కాసేపు నొప్పి ఊసెత్తేది కాదు. ఏ మందూ ఇవ్వనిది నువ్విచ్చావు. ఇది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఒక్క సంగతి. ఆ సైటు ఖర్చు ఎవరు భరిస్తున్నారు? తీరిక దొరికినప్పుడు రాయి. ఫోను వద్దు. ఫోనులో నాకు మాట రాదు.

మీ మామ,
ఏకాంబరం


తిరుపతి,
13 డిసెంబరు 2006

మామకు,

పవిత్ర నమస్కారాలు. నీ ఉత్తరం నాన్నకు చూపించాను. “మా బావ పెండ్లైనప్పట్నించీ నాతో మాట్లాడిందంతా కలిపినా ఇంత ఉండదు గదే!” అని నవ్వాడు. తర్వాత కింద అంగట్లోకి వెళ్ళి చాలాసేపు పైకి రాలేదు. అక్క అంటే ఆయనకెంతో నీకు తెలుసు.

ఖర్చు గురించి అడిగావు. భయపడొద్దు మామా, నిన్ను డబ్బడగను. నేనూ నా స్నేహితురాలు నవీనా ఉద్యోగాలు మానేసినప్పుడు దాచుకున్నది ఇంకా కొంచెం ఉంది. గది నాన్నదే, రేణిగుంట రోడ్డులో ఎరువుల అంగడి మీద. కింద యూరియా వాసన, పైన మేము. పెద్ద ఖర్చు సర్వర్ ఒక్కటే. సైటులో జనం రాసే మాటలన్నీ దాచిపెట్టే కంప్యూటర్ అది. మాది కాదు, అద్దెకు తీసుకున్నాం.

మొదటి ఏడు మా కాలేజీ అమ్మాయిలు తప్ప ఎవరూ లేరు. ఇప్పుడు వేలల్లో ఉన్నారు. మన జిల్లాలో పుట్టి ఎక్కడెక్కడికో వెళ్ళినవాళ్ళే ఎక్కువ. తెలుగు అక్షరాలు కొట్టడానికి వీలుగా నవీన ఒక పెట్టె చేసిపెట్టింది. చేరడానికి పైసా ఇవ్వక్కర్లేదు. ప్రకటనలు లేవు. ఇకపైన కూడా ఉండవు.

ఎందుకో తెలుసా? చిన్నప్పుడు వేసవి సెలవులకు మీ మామిడి మండీకి వచ్చేదాన్ని కదా. పొద్దున వేలం అయిపోయాక రైతులంతా కాళ్ళు కడుక్కుని రేకుల కింద వరుసగా కూర్చునేవాళ్ళు. అత్త ఇస్తరాకులు పరిచి సంగటి, పప్పు, చెనిక్కాయల ఊరిబిండి వడ్డించేది. ఏ ఊరని అడగదు, ఎవరివని అడగదు. పైసా తీసుకోదు. సైటు పెట్టిన రోజు నా మనసులో ఉన్నది ఆ వరుసే. అత్త అన్నం పెట్టినట్టు నేను పదిమందికి మాట్లాడుకునే చోటు పెట్టాలనుకున్నాను. ఊరికే, అందరికీ.

బెంగళూరులో ఒకాయన ఇలాంటి సైట్లలో డబ్బు పెడతాడట. వచ్చే నెల రమ్మన్నాడు. జనం ఉంటే చాలు, డబ్బు దానంతట అదే వస్తుందని నవీన అంటుంది. పెద్ద పెద్ద సైట్లన్నీ అట్లాగే ఎదిగాయి.

అత్త పేజీ అట్లాగే ఉంచాను. ఉంచనా మామా? నీకు బాధైతే చెప్పు, తీసేస్తాను.

నీ కోడలు,
పవిత్ర

మరో మాట: వేళకు తింటున్నావా? అమ్మ అడగమంది.


చిత్తూరు,
21 డిసెంబరు 2006

పవిత్రా,

ఆశీస్సులు. తింటున్నాను. మండీలో వంటకు అత్తకు సాయంగా ఉండిన జ్ఞానాంబ ఇప్పుడు ఇంటికీ వస్తోంది.

పేజీ తీయవద్దు.

నువ్వు డబ్బడుగుతావని కాదు నేను అడిగింది. దానంతట అదే వచ్చిన డబ్బును ఇన్నేళ్ళ మార్కెట్లో నేను చూడలేదు. బెంగళూరు వెళ్ళేముందు ఒక కాగితం తీసుకుని రాసుకో. సైటుకు ఎవరు వస్తున్నారు. వాళ్ళు వచ్చినందువల్ల ఇంకెవరికైనా లాభం ఉందా. ఆ లాభంలో కొంత సంతోషంగా ఇచ్చేవాళ్ళెవరు. ఆ బెంగళూరు ఆయన ఇవ్వనంటే ఎంతకాలం నడపగలవు.

మధ్యాహ్నాలు సైటు చాలా నెమ్మదిగా తెరుచుకుంటోంది. ఒక్కో పేజీకి బయటకెళ్ళి టీ తాగి రావచ్చు.

మామ


తిరుపతి,
6 జనవరి 2007

మామకు,

నమస్కారం. సైటు మీద నీకు మంచి అభిప్రాయం లేదని తెలుస్తూనే ఉంది. టీ తాగి రావచ్చన్న ఎత్తిపొడుపు చదివి నవీన మొహం మాడ్చుకుంది. మధ్యాహ్నాలే జనం ఎక్కువ మామా. వంట ముగించి అందరూ ఒకేసారి వస్తారు. సర్వర్ తట్టుకోలేకపోతోంది. పెద్దది తీసుకోవాలంటే అద్దె రెట్టింపు. ఎంత ఎక్కువమంది వస్తే అంత ఖర్చు. అందుకే బెంగళూరు.

నువ్వు చెప్పినట్టే రాశాను. కాగితం మీద కాదు, కంప్యూటర్లో మూడు స్లైడ్లు. మొదటిది జనం. రెండోది ఇంకా జనం. మూడోది డబ్బు. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఏం జరుగుతుందే అని నవీన అడిగింది. బాణం గుర్తు వేశాను.

నవ్వుకో. కానీ అత్త కథతోనే మొదలుపెడతాను. రేకుల కింద వరుస, ఇస్తరాకులు, పైసా తీసుకోని చెయ్యి. అది విన్నాక ఎవరైనా కాదంటారా?

పద్దెనిమిదిన ప్రయాణం. దీవించు.

పవిత్ర


చిత్తూరు,
15 జనవరి 2007

పవిత్రా,

ఆశీస్సులు ఎప్పుడూ ఉంటాయి. ఎత్తిపొడవలేదు. నెమ్మదిగా ఉంది కాబట్టి నెమ్మదిగా ఉందన్నాను.

అత్త కథ అక్కడ చెప్పవద్దు. ఆ అన్నం ఊరికే పెట్టింది కాదు. వివరంగా తర్వాత రాస్తాను. తోటల్లో పూత చూడడానికి రేపు పాకాల వైపు వెళ్తున్నాను.

నీ పని అంతా ఆ బాణం గుర్తు దగ్గరే ఉంది.

మామ


తిరుపతి,
6 ఫిబ్రవరి 2007

మామకు,

నేను బెంగళూరు బస్సు దిగి ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం గుమ్మంలో ఉంది. రెండు రోజులు ముందొచ్చి ఉంటే ఎంత బాగుండేది!

ఏం జరిగిందో చెప్తాను. ఏసీ గది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. తెలుగాయనే, నెల్లూరు. అత్త కథ మొత్తం విన్నాడు. విని, “బాగుందమ్మా. మరి బియ్యం ఎవరు కొనేవాళ్ళు?” అన్నాడు. మామా, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. “మా మామ కొనేవాడనుకుంటాను” అన్నాను. “అయితే మీ సైటుకు మామ ఎవరు?” అన్నాడు. పక్కనున్నాయన నవ్వాడు. బాణం గుర్తు దాకా పోనేలేదు.

ఇంటికొచ్చి చూస్తే నువ్వూ అదే. ‘ఆ అన్నం ఊరికే పెట్టింది కాదు.’ ఒక్క ముక్క రాసి వదిలేశావు. అంటే ఏమిటి? రైతుల దగ్గర తీసుకునే కమీషన్లో కోసుకున్నారా? చిన్నబ్బ తాత, ఆ పెనుమూరు ముసలాయన, “ఆయమ్మ సేతి ముద్ద” అని కళ్ళకద్దుకుని తినేవాడు. ఆయనకు తెలియకుండా ఆయన డబ్బుతోనే ఆయనకు పెట్టారా? అత్త అట్లా చేసే మనిషి కాదు. నేను నమ్మను. నమ్మకుండా ఉండాలంటే నువ్వు చెప్పాలి. నువ్వు చెప్పవు.

నవీన మద్రాసులో ఉద్యోగంలో చేరిపోయింది. దాన్ని తప్పు పట్టను. ఏప్రిల్ ఆఖరుకు సర్వర్ గడువు అయిపోతుంది. అద్దె కట్టకపోతే అందులో ఉన్నదంతా చెరిపేస్తారు. నా దగ్గర ఇంక లేదు. మూసేస్తాను. నువ్వు మొదటినుంచీ అనుకున్నదే కదా.

అత్త రాసినవన్నీ అచ్చు తీసి పంపిస్తాను. నీకు సైటులో ఉంటే ఏం, కాగితం మీద ఉంటే ఏం.

ఈ ఉత్తరం ఇంటికి కాదు, మండీకే పంపుతున్నాను. మన మధ్య ఉన్నది వ్యాపారమే అయినప్పుడు అక్కడికే రావాలి.

పవిత్ర


చిత్తూరు,
18 మార్చి 2007

అమ్మా పవిత్రా,

నీ ఉత్తరం నిన్న చూశాను. సీజను లేనప్పుడు మండీకి తాళం వేసి ఉంటుంది. పోస్టుమాన్ షట్టరు సందులోంచి లోపలికి తోసి వెళ్ళాడు. రేకులు బాగుచేయించడానికి తాళం తీస్తే కాలికి తగిలింది. ఇన్నాళ్ళూ నేను పంతం పట్టి ఊరుకున్నానని అనుకుని ఉంటావు. కాదు. నువ్వే అలిగి రాయడం లేదని నేను అనుకున్నాను.

అచ్చు తీయవద్దు. కాగితం మీద అయితే ఎవరూ ఆమెను ఇంకో ప్రశ్న అడగరు.

ఇప్పుడు ఆ అన్నం సంగతి.

మేం మండీ పెట్టిన మొదటి ఏడు, నువ్వింకా పుట్టలేదు. వంట అత్త ఆలోచనే. తెల్లవారకముందే బండి కట్టుకుని వచ్చిన రైతు సాయంత్రం దాకా పస్తుండటం చూడలేకపోయింది. మా ఇంటి బియ్యంతోనే మొదలుపెట్టింది. నువ్వనుకున్నట్టే ఊరికే, అందరికీ. పక్క మండీల్లో కాయ అమ్ముకున్నవాళ్ళు కూడా మా దగ్గరికొచ్చి తినేవాళ్ళు. లారీల వాళ్ళు వచ్చేవాళ్ళు. ఆమె ఎవరినీ లేపలేదు. నేనూ ఏమీ అనలేదు. వరుస చూస్తే నాకూ సంతోషంగా ఉండేది.

జ్యేష్ఠంలో, కాయ ముమ్మరంగా వచ్చే రోజుల్లో, ఇంట్లో బియ్యం అయిపోయాయి. అంగట్లో అప్పు పుట్టలేదు. కొన్నాళ్ళు ఆపుదాం అన్నాను. ఆపేశాం. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

ఆ మధ్యాహ్నం చిన్నబ్బ వచ్చాడు. అప్పటికి ముసలివాడు కాదు. కాళ్ళు కడుక్కుని తన చోట్లో కూర్చున్నాడు. కాసేపు చూశాడు. అత్త లోపలినుంచి వచ్చింది.

“ఏమ్మా, ఆకు యాడ?” అన్నాడు.

“ఈ పొద్దు లేదప్పా.”

“లేదా?”

“బియ్యం అయిపోయినాయి.”

అతను కోప్పడలేదు. “ముందే సెప్పుంటే ఇంటికాడ్నించి సద్ది కట్టుకోని వస్తుంటినే తల్లీ. నువ్వు పెడతావని గదా ఉత్త సేతుల్తో వచ్చింది” అని లేచి, ఎండలో బండి తోలుకుని పోయాడు.

ఆమె ఆ రోజు తినలేదు. సాయంత్రం నాతో ఒక్క మాట అంది. “పెట్టనోడు ఆకలి తీర్చడు, అంతే. పెట్టి ఆపినోడు ఆకలి పెంచుతాడు. ఇంక పెడితే ఆగకుండా పెట్టాల. లేదా అసలు పెట్టకూడదు.”

మరునాడు నాతో చెప్పకుండా కుప్పుస్వామి దగ్గరికి వెళ్ళింది. మద్రాసు వ్యాపారి, మా దగ్గర అందరికన్నా ఎక్కువ కాయ కొనేవాడు. నేను తూకం దగ్గర ఉన్నాను. మాటలు వినపడుతున్నాయి.

“అయ్యా, లోడు ఏ పొద్దుకు కడితే మీకు మేలు?”

“ఎండెక్కక ముందేమ్మా. ఎండలో పోతే సగం కాయ దావలోనే మాగిపోతాది.”

“అంటే రైతు తెల్లారేతలికి ఈడ ఉండాల. అంత పొద్దున్నే ఇంట్లో సద్ది కట్టేదెవురు? ఈడ అన్నం దొరుకుతాదంటేనే వస్తాడు. వారం దినాలుగా చూడండి, పక్క మండీలకంటే మన కాడికే ముందు వస్తా ఉండారా లేదా?”

“వస్తా ఉండారు.”

“ఆ ముద్దతో రైతుకు మేలు ఒక పూట. మీకు లోడంతా మేలు. కాబట్టి ఆకు డబ్బు మీరియ్యాల. రైతు కాదు.”

కుప్పుస్వామి ఆమెను చూశాడు, నన్ను చూశాడు. “ఏమప్పా ఏకాంబరం, ఈ మండీ నీదా, నీ పెండ్లాందా?” అన్నాడు.

“ఆమెదే” అన్నాను. ఆ జవాబు ఇప్పటికీ మార్చుకోవలసిన అవసరం రాలేదు.

అప్పటినుంచి కొనేవాళ్ళు లోడుకు ఇంత అని ఆకు డబ్బు ఇస్తున్నారు. అది వంటకు తప్ప దేనికీ వాడకూడదు. రైతు కమీషన్లో ఒక్క పైసా అందులోకి పోలేదు. చిన్నబ్బ కళ్ళకద్దుకున్న ముద్దలో మోసం లేదు. అది నువ్వు నమ్మాలి.

ఇంకో సంగతి జరిగింది. డబ్బిస్తున్నాను కదా అని కుప్పుస్వామి ఒక రోజు తింటున్న రైతుల మధ్యకొచ్చి ధర మాట్లాడబోయాడు. అత్త గరిటె పట్టుకుని అడ్డం నిలబడింది. “ఆకు ముందర కుచ్చున్నోడితో బేరం ఆడొద్దు సామీ. తిని లేసినాక ఆడుకోండి.” డబ్బిచ్చేవాడు వరుసలోకి రాకూడదు. అది కూడా ఆమె పెట్టిన పద్ధతే.

ఇదంతా నీకు ముందే చెప్పవలసింది. ఆమె గురించి రాయాలంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను. అందుకే ఒక్క ముక్క రాసి వదిలాను. ఆ ముక్క నిన్ను బాధపెట్టింది.

ఇంక సైటు. ఇంట్లో కంప్యూటర్ మీద ఆమె కప్పిన గుడ్డ అలాగే ఉంది. నేను తీయలేదు. కోర్టు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌కు వెళ్తున్నాను. రోజూ, మధ్యాహ్నం పూట. నువ్వు ఆ కాగితాలిచ్చినప్పటినుంచీ. నెమ్మదిగా తెరుచుకుంటోందని రాసింది అందుకే. ఎత్తిపొడవడానికి కాదు. త్వరగా చూడాలని ఉండి.

ఆమె రాసినవన్నీ చదివాను. వాళ్ళు అడిగినవన్నీ చదివాను. నువ్వు గమనించావో లేదో, ఆమెను వంటలు అడిగినవాళ్ళకన్నా ఇంకొకటి అడిగినవాళ్ళు ఎక్కువ. తిరుపతిలో పెళ్ళి పెట్టుకున్నాం, వంటవాళ్ళెవరు మంచివాళ్ళు? మండపం ఎక్కడ? మేళం ఎవరు? కొండకు వ్యాను ఎవరిది నమ్మకం? దూరంగా ఉన్నవాళ్ళకు అది పెద్ద దిగులు. అత్త తెలిసినంతవరకు చెప్పేది. మీ అన్న పెళ్ళికి వండిన మునిరామయ్య పేరు ఎన్నిసార్లు చెప్పిందో. ఆయనకు అది తెలుసా?

నీ రైతులెవరో నీకు తెలుసు. నీ కుప్పుస్వామి ఎవరో వెతుక్కో. నువ్వు పెట్టిన వరుస మంచిది. అది నాకు ఈ నాలుగు నెలలూ అన్నం పెట్టింది.

మామ


తిరుపతి,
2 మే 2007

మామకు,

సైటు ఉంది. ముందు ఆ మాట.

నీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. ‘ఆమెదే’ దగ్గర ఆగి కాగితం నాన్న చేతికిచ్చాను. మిగతాది ఆయన చదివాడు. నీమీద అన్న మాటలకు క్షమించమని అడగాలి. నువ్వు రోజూ వచ్చి చదువుతున్నావని తెలియదు మామా. సైటులో ఎవరెవరు వస్తున్నారో లెక్క తీసే యంత్రం ఉంది నా దగ్గర. కోర్టు ఎదురుగా కూర్చున్నది నువ్వని అది చెప్పలేదు.

ఉగాది అయిన వారానికి మునిరామయ్యను వెతుక్కుంటూ వెళ్ళాను. ఒక సత్రం వెనక పెద్ద గంగాళాలు తోమిస్తున్నాడు. పలకరింపు పేరు చెప్పగానే గరిటె కింద పెట్టేశాడు.

“ఓయమ్మా! ఆ కంప్యూటర్ పాప నువ్వేనా? రెండేండ్లుగా మద్రాసోళ్ళు, బెంగుళూరోళ్ళు నన్ను వెతుక్కోని వస్తా ఉండారు. ఎవురు సెప్పినారబ్బా అంటే కాంతమ్మ అంటారు. ఎవురా కాంతమ్మ అంటే కంప్యూటర్లో ఉంటాది అంటారు. అమ్మోరేమో అనుకోని ఒక టెంకాయ గూడా కొట్టినా.”

ఆవిడ మా అత్త అని, మా అన్న పెళ్ళికి మీరే వండారని చెప్పాను. ఇప్పుడు లేదని కూడా చెప్పాను. తలకు కట్టిన తువ్వాలు విప్పేశాడు. తర్వాత, “పెండ్లిలో పప్పు పులుపు సరిపోలేదని నన్ను తిట్టింది ఆయమ్మేనా?” అన్నాడు. అత్తే అయి ఉంటుంది.

నేను చెప్పాను: సైటులో పెళ్ళి పనుల కోసం వేరే గది ఒకటి కడుతున్నాం, అందులో మీ పేరు, ఫోను నంబరు, మీరు వండేవి పెడతాం, ఏడాదికి ఇంత. “ఇస్తా” అన్నాడు. బేరం కూడా ఆడలేదు. మరో పొయ్యి దగ్గరున్నాయన, “నన్ను గూడా రాసుకోమ్మా, ఈయప్పకంటే నా సాంబారే మేలు” అన్నాడు. అక్కడే ఇద్దరికీ గొడవ. నాకు మాత్రం బాణం గుర్తు కనిపించింది.

తర్వాత మేళాలవాళ్ళు, పూలవాళ్ళు, వ్యాన్లవాళ్ళు, రెండు మండపాలు. అందరూ ఒప్పుకోలేదు. కంప్యూటర్లో బోర్డెవరు చూస్తారమ్మా అని టీ ఇచ్చి పంపేసినవాళ్ళే ఎక్కువ. ఒక మండపం యజమాని అయితే ఇంకా ఎక్కువిస్తాను, మా మండపంలో నీళ్ళు రాలేదని ఒకావిడ రాసింది, అది తీసెయ్యి అన్నాడు. ఒక్క క్షణం ఆశ పుట్టింది మామా. అబద్ధం ఎందుకు. అప్పుడు గరిటె గుర్తొచ్చింది. “ఆకు ముందర బేరం వద్దండీ” అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు. డబ్బూ ఇవ్వలేదు.

ఈసారి కాగితం మీదే రాశాను. ఒక్క పేజీ. మాట్లాడుకోవడం ఎప్పటికీ ఊరికే. పెళ్ళి గదిలో పేరు పెట్టుకునేవాళ్ళు డబ్బిస్తారు. ఆ డబ్బు మొదట సర్వర్‌కు, ఆ తర్వాతే మాకు. దసరాకు లెక్క చూసుకుంటాం. నడవదని తేలితే మూడు నెలలు ముందుగా అందరికీ చెప్పి, ఎవరు రాసింది వాళ్ళకిచ్చి మూస్తాం. ఆ చివరి మాట చిన్నబ్బ తాత కోసం రాశాను. ఎవరూ ఉత్త చేతులతో రాకూడదు.

గడువు రెండు రోజులుందనగా సర్వర్ అద్దె కట్టాను. నవీన ఆదివారాలు వస్తోంది. నెల్లూరు ఆయనకు ఆ పేజీ పంపించాను. “మామ దొరికినట్టున్నాడే” అని జవాబు రాశాడు. డబ్బు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఏడాది నడిపి చూపిస్తాను.

అత్త పేజీలో మాత్రం ఏ బోర్డూ పెట్టను. అది గుడి లాంటిది.

మధ్యాహ్నాలు ఇప్పుడు త్వరగా తెరుచుకుంటోందా? తిట్టడానికైనా రాయి.

నీ కోడలు,
పవిత్ర


చిత్తూరు,
4 జూన్ 2007

అమ్మా పవిత్రా,

ఆశీస్సులు. త్వరగా తెరుచుకుంటోంది. టీ మానేశాను.

మండీ తెరిచాం. బేనీషా కాయ బాగా వస్తోంది. ఈ ఏడు వంట ఉంటుందా అని వ్యాపారులెవరూ అడగలేదు. మొదటి లోడుతో పాటే ఆకు డబ్బు ఇచ్చేశారు. కుప్పుస్వామి కొడుకు తండ్రి తరఫున వచ్చి ఇచ్చాడు. జ్ఞానాంబ పొయ్యి వెలిగించింది. పొయ్యి దగ్గర ఉండవలసిన మనిషి లేకపోయినా పొయ్యి ఆగలేదు. ఎందుకు ఆగలేదో నీకిప్పుడు తెలుసు.

చిన్నబ్బ వచ్చాడు. మనవడు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. చూపు సరిగా లేదు. కబురు తెలియదు. తన చోట్లో కూర్చుని, “అమ్మ యాడప్పా, పలకడం లేదు?” అన్నాడు. నేను పక్కన కూర్చుని చెప్పాను. ఆకును చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు తడిమాడు. తర్వాత, “ఆయమ్మ లేకపాయనే. ఆకు మాత్రం ఉండాదే” అన్నాడు. తిన్నాడు. నేనూ అతని పక్కనే ఆకు వేయించుకున్నాను. ఆ వరుసలో కూర్చుని తినడం నాకు అదే మొదటిసారి.

నీకు రెండు పనులు చెప్తున్నాను.

ఒకటి. మా మండీ పేరు కూడా నీ సైటులో పెట్టు. పెళ్ళిళ్ళకు గంపల లెక్కన పండ్లు అడిగేవాళ్ళున్నారు. అందరిలాగే ఏడాది డబ్బు తీసుకో. మామ అని వదిలేయవద్దు. వదిలేస్తే పెట్టవద్దు.

రెండు. అత్త పేజీ గుడి కాదు. ఆమె తన పొయ్యికి కట్టెలు తనే వెతుక్కున్న మనిషి. ఇంకెవరి ఖర్చుమీదో ఆమె పేజీ నిలబడడం ఆమెకు నచ్చదు. ఆ పేజీ చివర, మాటలన్నీ అయిపోయిన తర్వాత, మునిరామయ్య బోర్డు పెట్టు. మధ్యలో కాదు. చివర. ఆయన దానికి వేరే డబ్బిస్తాడు. టెంకాయ కొట్టినవాడు ఇవ్వకుండా ఉండడు.

నిన్న ఆమె పాత వంట ఒకదాని కింద కొత్త ప్రశ్న కనిపించింది. సూరత్ నుంచి ఎవరో అమ్మాయి, కొత్తగా చేరింది. కాంతక్కా, మామిడికాయ పప్పు చేస్తే పప్పు ఎంతకీ ఉడకడం లేదు, ఎందుకు అని అడిగింది. పొద్దునంతా ఎవరూ జవాబు ఇవ్వలేదు. నెట్ సెంటర్లో కూర్చుని చాలాసేపు ఆ ప్రశ్న చూశాను. జవాబు నాకు తెలుసు. వంటగది గుమ్మంలో నిలబడి ఎన్నోసార్లు విన్నదే.

ఇంటికొచ్చి కంప్యూటర్ మీది గుడ్డ తీశాను. ఉతికి ఆరేశాను. నవీన చేసిన పెట్టెలో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. “పప్పు ఉడికిన తర్వాతే కాయ ముక్కలు వెయ్యాలి. పులుపు ముందు పడితే పప్పు ఉడకదు. — కాంతమ్మ ఇంటినుంచి.”

కాసేపటికి ఆ అమ్మాయి జవాబు రాసింది. ఉడికిందండీ, చాలా థాంక్స్, అక్కను అడిగానని చెప్పండి అని.

చెప్పాను.

మామ